మూడో ముక్క

నాకందరూ ముక్కూ మొహం తెలియని వాళ్ళే.
సీసాల్లో వస్తారు, ఫార్మలిన్‌లో మునిగి,
మూత మీద చీటీ, చీటీ మీద పేరు.
లిమాలో ఆ చలికాలం
సముద్రం మీంచి లేచిన మంచు
సున్నం కొట్టిన గోడలా కిటికీకి అడ్డం నిలబడినప్పుడు
వచ్చింది ఇలారియా కోరిమాన్య,
యాభై మూడేళ్ళు, ఒరోపెసా ఊరు,
వృత్తి: రొట్టెలు కాల్చడం.
పెసరగింజంత ముక్క.

అంతకుముందు రెండుసార్లు వచ్చింది.
రెండుసార్లూ మేం రాసింది ఒకటే:
చచ్చిన కణజాలం. ఏమీ చెప్పలేం.
బూడిదని పట్టుకుని
నిప్పెవరు పెట్టారని అడిగితే ఏం చెబుతుంది?

మొదట సోంపు పోయిందట ఆమెకి.
పిండిలో వేశానో లేదో తెలియక
రెండుసార్లు వేసింది.
కొన్నవాళ్ళు మొహం చిట్లించారు.
తర్వాత ఎడమ ముక్కు బిగిసింది.
ఓ తెల్లవారుజామున
పిండిముద్ద మీద ఎర్రటి చుక్క.

కుస్కోలో సైనస్ అన్నారు.
ఇంకోచోట ఎస్పుండియా అన్నారు,
అడవిలో ఇసుక ఈగ కుట్టి ముక్కు తినేసే జబ్బు.
"అడవికెప్పుడైనా వెళ్ళావా?"
"కియ్యబాంబాకి ఒకసారి. నారింజపళ్ళ కోసం."
ఆ నారింజల నేరానికి
ఇరవై ఎనిమిది రోజులు సూదులు.
ఈలోగా అంగిట్లో చిల్లు పడింది.
తాగిన సూపు ముక్కులోంచి కారింది.

డాక్టర్ సుల్కా ఫోన్ చేశాడు.
"ఈసారి పుండు అంచున కాదు,
లోతుగా, ఇంకా బతికున్న చోట తీశాను.
ఒక్క పొర కూడా పారేయకు."

పారేయలేదు.
ఉల్లిపొర దుప్పటిలా అనిపించేంత పల్చగా కోశాను.
రాత్రంతా రంగులో ఉంచాను.
పొద్దున్నే కన్ను ఆనించి చూస్తే
ఊదా మొక్కజొన్న కంకి వలిచి పోసినట్టు
నల్లనీలం కేంద్రకాలు,
నెత్తుటి నాళం చుట్టూ గుంపుగట్టి
దాని గోడ కొరుకుతూ.

ఎప్‌స్టీన్-బార్.
పదిమందిలో తొమ్మిదిమందిలో కాపురముంటుంది.
నాలోనూ ఉండే ఉంటుంది.
ఎంగిలితో వస్తుంది.
పళ్ళు రాని ఇలారియాకి
వాళ్ళమ్మ రొట్టె నమిలి, మెత్తగా చేసి
నోట్లో పెట్టినప్పుడు వచ్చిందేమో.
ఎవర్ని నిలదీస్తాం?
అంతకాలం మూలన ముడుచుకు పడుకున్నది
ఈమెలోనే ఎందుకు లేచిందో
సుల్కాకీ తెలియదు.

ఈ కణం తన తిండి తాను వండుకోలేదట,
రక్తంలో అడుక్కుని బతుకుతుంది.
ఆ బిచ్చం పడకుండా చేసే మందు ఎక్కించారు.
నర్సు చెబుతుంటే ఇలారియా అందట,
"తెలిసింది. పులిసే పిండికి చక్కెర ఆపడం."
మందు దొరకని పదకొండు రోజులు మాత్రం
ఎవరితోనూ మాట్లాడలేదు.
రేడియేషన్‌కి వల మాస్కు
వేడినీళ్ళలో మెత్తబరిచి మొహాన పరిచారు.
"నన్నే పొయ్యిలో పెడుతున్నారన్నమాట," అంది దాని కిందనుంచి.

రక్తంలో వైరస్ లెక్క ముప్పై వేలు,
తర్వాత నాలుగు వందలు,
తర్వాత "కనబడలేదు."
కనబడకపోవడం వేరు, లేకపోవడం వేరు అంటాడు సుల్కా.
అందుకే మూడు నెలలకోసారి
రాత్రీ పగలూ బస్సులో, కొండలు దిగి.

అలా వచ్చిన ఒకరోజు
నేలమాళిగ మెట్లు దిగి మా గుమ్మంలో నిలబడింది.
అంగిటికి ప్లాస్టిక్ పలక,
మాట కాస్త గుహలోంచి వచ్చినట్టు.
"నా ముక్క కోసింది నువ్వేనా?"
చంకలో గుడ్డమూట. విప్పితే
పళ్ళెమంత గుండ్రటి రొట్టె.
"నాకింకా వాసన తెలీదు.
సోంపు సరిపోయిందా చెప్పు."

పందొమ్మిదేళ్ళు ఫార్మలిన్, జైలీన్.
రొట్టె మొహానికి ఆనించుకున్నాను.
ఏమీ లేదు. గరుకు తప్ప.
ఆ మాట ఆమెకెలా చెప్పను?
బకెట్టుతో పోతున్న ఎడిల్బెర్టోని పిలిచాను.
కళ్ళు మూసుకుని చాలాసేపు పీల్చాడు.
"కొంచెం ఎక్కువైందమ్మా."

ఇలారియా పగలబడి నవ్వింది.
"అయితే మళ్ళీ రెండుసార్లు వేశాను!"

లాబ్‌లో తినరాదని గోడ మీద రాసుంది.
ముగ్గురం మెట్ల మీద కూర్చుని తిన్నాం.